సంచి లేకుండా వెళ్లిన గురువారాలు

పోయిన నెలలో మా పక్కవాటాలో ఉండే అమ్మాయి ఒక కాగితం పట్టుకొని వచ్చింది. నెల్లూరులో సైకాలజీ ఎమ్మెస్సీ చదువుతోంది. ముసలివాళ్ల ఒంటరితనం మీద ఏదో పరిశోధన చేస్తోందట, నన్ను కొన్ని ప్రశ్నలు అడగాలట. ప్రశ్నలకు ముందు ఆ కాగితం మీద నేను సంతకం పెట్టాలి. "మీరు ఇష్టపడే చెబుతున్నట్టు ఆంటీ. మీ పేరు ఎక్కడా రాదు. వద్దనుకుంటే మధ్యలో లేచి వెళ్లిపోవచ్చు" అంది. నా ఇంట్లో నుంచి నేను లేచి ఎక్కడికి పోతానో ఆ పిల్ల ఆలోచించినట్టు లేదు. కళ్లద్దాలు పెట్టుకొని రెండుసార్లు చదివాను. టీచర్ ట్రైనింగు పిల్లలకు ముప్పై ఏళ్లు సైకాలజీ పాఠం చెప్పిన మనిషి ఇంత చిన్న కాగితానికి ఇంతసేపు తీసుకుంటోందేమిటని ఆ అమ్మాయి కొంచెం అనుమానంగానే చూసింది. చివరికి సంతకం పెట్టాను. ఆ పిల్ల అడిగినవాటికి జవాబులు చెప్పాను గానీ, మనసంతా మా పెద్దమ్మ దగ్గరే ఉండిపోయింది. మా పెద్దమ్మను ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టమని నేను ఎప్పుడూ అడగలేదు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. నాకు నాలుగేళ్లప్పుడు అమ్మ పోతే, ఆవిడే నన్ను తెచ్చుకొని పెంచింది. ఆవిడకు పిల్లల్లేరు, పెళ్లయిన మూడో ఏటే భర్త పోయాడు. తోటపల్లి గూడూరులో బస్సు దిగి సముద్రం వైపు నాలుగు మైళ్లు నడిస్తే మా పాలెం. చర్చి వెనకాల రెండు గదుల పెంకుటిల్లు, ఇంటి వెనకాల ఇసుక, ఇసుక దాటితే సరుగుడు తోపు. గాలి వీచినప్పుడల్లా ఆ తోపులోంచి వచ్చే హోరు ఎవరో దూరంగా ఆగకుండా గుసగుసలాడుతున్నట్టు ఉండేది. ఆవిడ ఉద్యోగం బైబిలమ్మ. మిషను తరఫున ఊళ్లు తిరిగి, ఆడవాళ్ల దగ్గర కూర్చొని, వాక్యం చదివి, బొమ్మల చుట్ట విప్పి కథలు చెప్పి, జబ్బుపడ్డవాళ్ల కోసం ప్రార్థన చేసి రావాలి. తెల్లచీర, నల్లగొడుగు, భుజానికి ఒక గుడ్డసంచి, సంచిలో బైబిలూ బొమ్మల చుట్టా. పెద్ద రైతుల ఇళ్లకు వెళ్లినా దొడ్డిదారినే వెళ్లి, పెరట్లోనే కూర్చొనేది. లోపలికి రమ్మని వాళ్లూ అనేవాళ్లు కాదు, ఆవిడా ఎదురుచూసేది కాదు. ఆ రోజుల్లో అది ఎవరికీ వింతగా తోచేది కాదు, నాకు కూడా.

ఆవిడ ప్రార్థన చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో పేరుపడ్డది. గొంతు అంత పెద్దది. ఎవరి కోసం ప్రార్థిస్తున్నదీ దేవుడికి సరిగ్గా అర్థమవుతుందో లేదోనని గుర్తులన్నీ చెప్పేది. "ప్రభువా, తూర్పు వీధిలో, చింతచెట్టు ఇంట్లో, రెండో కోడలు, కాన్పు అయి తొమ్మిది దినాలు" అంటూ పోస్టుమాను దారి తప్పకుండా చెప్పినట్టు చెప్పేది. భోజనం ముందు ఆవిడ ప్రార్థన మొదలుపెడితే అన్నం చల్లారి, పులుసు మీద నూనె తెట్టుకట్టేది. చిన్నప్పుడు నేను ఒక కన్ను తెరిచి చేపముక్కల్లో పెద్దది ఎక్కడుందో చూసి పెట్టుకొనేదాన్ని. చివర్లో మాత్రం ఆవిడ గొంతు తగ్గించి, "నిశ్చయంగా జరుగుతుంది" అని ముగించేది. ఆ మాట కోసమే జనం ఆవిడను పిలిచేవాళ్లని నాకు తర్వాత అర్థమయింది.

నేను మద్రాసులో ఆడపిల్లల కాలేజీలో బి.ఏ. చేరి సైకాలజీ తీసుకున్నానని తెలిసినప్పుడు మా పాస్టరు అయ్యగారికి నచ్చలేదు. మనిషి మనసులో ఏముందో చూడడం దేవుడి పని, ఆ పని మనుషులు చెయ్యబోతే విశ్వాసం ఉంటుందా అని పెద్దమ్మను అడిగాడు. చెడ్డమనిషి కాడు. వానాకాలంలో మోకాటిలోతు బురదలో నడిచి వచ్చి రోగుల పక్కన కూర్చొనే మనిషి. కానీ కొత్తది ఏది కనిపించినా ముందు దాని వెనక ఏముందోనని చూసేవాడు. పెద్దమ్మ మాత్రం, "చదువుకోనీండి అయ్యగారూ. లోపల ఏముండాదో చూస్తే బయపడి, ప్రార్థన ఇంకా ఎక్కువ చేస్తాది" అంది.

ప్రార్థన ఎక్కువ కాలేదు. అనుమానం ఎక్కువైంది. మనిషి తాను చేసే పనికి చెప్పుకొనే కారణం వేరు, అసలు కారణం వేరని మాకు పాఠం. పంతొమ్మిదేళ్లవాళ్లకు ఆ మాట చెప్పడం, చంటిపిల్ల చేతికి కత్తెర ఇవ్వడం ఒకటే. హాస్టలు వార్డెను నవ్వితే ఎందుకు నవ్విందా అని, గదిలో అమ్మాయికి తలనొప్పి వస్తే నిజంగా వచ్చిందా అని చూసేదాన్ని. అక్కడితో ఆగినా బాగుండేది. ఒక ఆదివారం చర్చిలో కళ్లు మూసుకొని ఉండగా, నేను మాట్లాడుతున్నది దేవుడితోనా, నాలుగేళ్లప్పుడు పోయిన అమ్మతోనా అన్న సందేహం వచ్చింది. ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా ఒక్క ప్రార్థన కూడా పూర్తి కాలేదు. సగంలో నా గొంతు నేనే వింటూ ఉండిపోయేదాన్ని. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పంతొమ్మిది వందల అరవై మూడు ఎండాకాలం సెలవులకు ఇంటికి వచ్చాను. మొదటిరోజు కంచాల ముందు కూర్చున్నాం. మామిడికాయ వేసిన చేపల పులుసు. అలవాటు చొప్పున తల వంచుకొని పెద్ద ప్రార్థన కోసం కాచుకున్నాను. పెద్దమ్మ కళ్లు మూసింది, పెదవులు కదల్లేదు, కళ్లు తెరిచింది, "తిను" అంది. అన్నం వేడిగా ఉండగానే తినడం ఆ ఇంట్లో నాకు అదే మొదటిసారి. ఆదివారం చర్చిలో అయ్యగారు ఆవిడను ప్రార్థన చెయ్యమంటే, "ఈ పూట ఇంకెవరన్నా చేస్తారులే అయ్యా" అంది. వెనక ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. అయ్యగారు ఆవిడను చూశాడు. నేను అందరినీ చూశాను.

మా లెక్చరరుగారు సెలవుల్లో తలా ఒక మనిషిని దగ్గరగా గమనించి రికార్డు రాసుకొని రమ్మన్నారు. ఎవరిని ఎంచుకోవాలో నాకు వెతుక్కొనే పని లేకుండా పోయింది. అట్టపుస్తకం ఒకటి తీసి, ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టాను. ఆవిడకు ఇంగ్లీషు రాదన్న ధైర్యం. ఎప్పుడు లేస్తోంది, ఎన్నిసార్లు నిట్టూరుస్తోంది, బైబిలు తెరిచి ఎంతసేపు ఒకే పేజీ చూస్తోంది, అన్నీ రాశాను. పాలెంలో నా సంగతి అప్పటికే పాకింది. మనసులు చదివే చదువంట అని, నేను బావి దగ్గరికి వెళ్తే మాటలు ఆపేసేవాళ్లు. ఒకామె మాత్రం నన్ను పక్కకు పిలిచి, కనపడకుండా పోయిన తన కోడిపెట్ట ఎవరింట్లో ఉందో కనుక్కోమంది.

గురువారం వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దమ్మ గొడుగు తీసుకొని బయల్దేరింది. ఎక్కడికని అడిగితే, "పని ఉండాది" అంది. సంచి మేకుకే వేలాడుతోంది. సంచి లేకుండా ఆవిడ గడప దాటడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పై గురువారమూ అంతే. మూడో గురువారం నేను వెనకాలే వెళ్లాను. సరుగుడు తోపు పక్కనుంచి ఉప్పుపడవలు తిరిగే కాలవ గట్టెక్కి, ఆవిడ ఊళ్ల వైపు మళ్లింది. కాళ్లు కాలే ఇసుక. ఎంతో దూరం వెనక నడుస్తున్నా, నా నీడ ఆవిడకు కనపడుతుందేమోనని భయం. మైలున్నర నడిచి ఒక పెద్ద రైతు ఇంటి దొడ్డివాకిలి తోసుకొని లోపలికి వెళ్లింది. నేను గడ్డివామి వెనక నిలబడ్డాను.

పెరట్లో తులసికోట, కోట పక్కన చాప మీద ఆ ఇంటి ఇల్లాలు. పాతికేళ్లుంటాయి. ముందు ఎండుమిరపకాయల రాశి. పెద్దమ్మ వెళ్లి, పలకరించకుండా, చాపకు కొంచెం దూరంగా నేల మీద కూర్చొని మిరపకాయలకు తొడిమలు తీయడం మొదలుపెట్టింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. వాక్యం లేదు, ప్రార్థన లేదు. గంటకు పైగా గడిచాక ఆవిడ లేచింది. అప్పుడు ఆ ఇల్లాలు తల పైకెత్తి చూసింది. మిరపఘాటుకు తుమ్ము రాకుండా ముక్కు పట్టుకొని అదంతా చూసి, నేను ఇంకో దారిన ఇల్లు చేరి, రికార్డులో రాశాను. ఈ మనిషి ఏదో దాస్తోంది. తాను నమ్మినదాని మీద నమ్మకం సన్నగిల్లిన లక్షణాలు కనపడుతున్నాయి. వేరే మతం వైపు రహస్యంగా మొగ్గు చూపుతున్నదేమో, తులసికోట దగ్గరే ఎందుకు కూర్చున్నదో తెలుసుకోవాలి. ఇలా రెండు పేజీలు. పక్కగదిలో ఉన్న ఆవిడను ఎందుకని అడగడానికి పది అడుగులు వేస్తే చాలు. అడిగితే పరిశీలన చెడిపోతుందని మా పాఠంలో ఉంది, అందుకని అడగలేదు. అలాగని అప్పుడు అనుకున్నాను.

రెండురోజుల తర్వాత, పెద్దమ్మ ఇంట్లో లేనప్పుడు, అయ్యగారు వచ్చాడు. అరుగు మీద కూర్చొని, మంచినీళ్లు తాగి, కాసేపు నా చదువు గురించి అడిగాడు. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మాయ్, నువ్వు చదివినదానివి. మీ పెద్దమ్మకు ఏమయిందంటావు?" అన్నాడు. నా చదువును తప్పుపట్టిన మనిషి ఇప్పుడు నా అభిప్రాయం అడుగుతున్నాడు. పొంగిపోయాను. లోపలికి వెళ్లి రికార్డు తెచ్చి ఆయన చేతికిచ్చాను. ఆయన పేజీలన్నీ నిదానంగా చదివి, పుస్తకం మూసి, దాన్ని తనతోనే ఉంచుకోవచ్చా అని అడిగాడు. ఉంచుకోమన్నాను.

తర్వాత పది రోజులకు నెల్లూరు నుంచి మిషను పెద్దలు ఇద్దరు వచ్చారు. వాళ్లు అయ్యగారి ఇంట్లో పెద్దమ్మను కూర్చోబెట్టి అడిగారు. నేను కిటికీ బయట ఉన్నాను. గురువారాలు ఫలానా ఇంటికి వెళ్తున్నావా అంటే వెళ్తున్నానంది. బైబిలు తీసుకుపోతున్నావా అంటే లేదంది. ఎందుకు వెళ్తున్నావంటే మాట్లాడలేదు. గట్టిగా ప్రార్థన ఎందుకు మానేశావంటే కూడా మాట్లాడలేదు. నీ విశ్వాసం సరిగ్గా ఉందా అని ఒకాయన అడిగాడు. "విశ్వాసం ఉండాదయ్యా. మిగతాది నేను చెప్పగూడదు" అంది. అంత అనుమానం మిగిల్చిన మనిషిని వాక్యం చెప్పడానికి పంపడం కుదరదని వాళ్లు తేల్చారు. ఆవిడ ఇంటికి వచ్చి, మేకుకున్న సంచి తీసి, దుమ్ము దులిపి, తన బైబిలు బయటికి తీసుకొని, బొమ్మల చుట్టతో సహా సంచి అయ్యగారికి అప్పజెప్పి వచ్చింది. ఇల్లు మిషనుదే అయినా ఖాళీ చేయించవద్దని అయ్యగారే పట్టుబట్టాడట. నా రికార్డు ఆవిడ చేతికే ఇచ్చి పంపాడు.

ఆవిడ దాన్ని నా ముందు పెట్టి, చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. "దీంట్లో ఏం రాసినావో తెలుగులో చదువు అమ్మణ్ణీ" అంది. తప్పించుకోవాలని చూశాను. ఆవిడ కోప్పడలేదు, తొందరపెట్టలేదు. నేను మొదలుపెట్టే దాకా గింజలు తీస్తూనే ఉంది. ఇంగ్లీషులో అంత గంభీరంగా ఉన్న మాటలు, తెలుగులోకి వచ్చేసరికి బావి దగ్గర ఆడవాళ్లు చెప్పుకొనే చాడీల్లా వినపడ్డాయి. ప్రతి వాక్యంలోనూ సబ్జెక్టు అని ఉంది. సబ్జెక్టంటే ఎవరని అడిగింది. నువ్వేనన్నాను. సరే చదవమంది. పుస్తకంలో ఉన్నదంతా చదవడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలియదు.

"చూసినవన్నీ సరిగ్గానే రాసినావు. నిట్టూర్పులు గూడా సరిగ్గానే ఉండాయి" అంది. "నన్ను అడగలేదు. అంతే."

అప్పుడు చెప్పింది. కిందటి కార్తీకమాసం వానల్లో ఆ ఇంటి ఆరేళ్ల పాపకు జ్వరం. తండ్రి కోర్టు వాయిదా మీద నెల్లూరులో ఉన్నాడు. తల్లి పాపను ఆస్పత్రికి తీసుకుపోదామని బండి కట్టించి, వెళ్లేముందు ప్రార్థన కోసం పెద్దమ్మను పిలిపించింది. పెద్దమ్మ ప్రార్థన చేస్తుండగానే పాపకు చెమట పట్టింది, జ్వరం దిగింది, కళ్లు తెరిచి నీళ్లడిగింది. పెద్దమ్మ ఎప్పటిలాగే నిశ్చయంగా జరుగుతుందని అంది. ఆ సంతోషంలో ఇంకో మాట కూడా అంది. ఇంక ఆస్పత్రి అక్కర్లేదని. ఆ మాట నమ్మి, అంత వానలో బిడ్డను తడపడమెందుకని తల్లి ఎద్దులను విప్పించింది. మర్నాడు, గురువారం, పొద్దెక్కకముందే పాప పోయింది.

"అయ్యగారు అనుకునేది నిజం గాదు. దేవుడి మీద నాకు అనుమానం లేదు" అంది పెద్దమ్మ. "ఆ మాట దేవుడు చెప్పలేదు. నేను చెప్పినాను, ఆయన పేరు పెట్టి. ఇప్పుడు గొంతెత్తాలంటే నా గొంతు మీద నాకే అనుమానం."

తర్వాతి గురువారం ఆవిడ ఆ ఇంటికి వెళ్తే, ఆ తల్లి మొహం తిప్పుకొందట. ఇంకో వారం, నన్ను మీ మతంలో కలుపుకొనేదానికి వస్తా ఉండావా అని అడిగిందట. అప్పటినుంచి సంచి ఇంట్లో పెట్టి వెళ్తోంది. ఇదంతా పెద్దలతో ఎందుకు చెప్పలేదని ఏడుస్తూ అడిగాను. ఆ తల్లి తన భర్తతో కాలవ పొంగి బండి పోలేదని చెప్పింది. బండి విప్పించింది తానేనని తెలిస్తే ఆ ఇంట్లో ఆమె బతుకు ఏమవుతుందో చెప్పలేం. ఆ సంగతి బయటపెట్టనని పెద్దమ్మ ఆమెకు మాటిచ్చింది. "నా పనికోసం ఆమెను బజారుకీడ్చేదా?" అంది.

ఆ సాయంత్రం నేను అయ్యగారి దగ్గరికి వెళ్లి, నేను రాసినది తప్పు అన్నాను. అయితే నిజమేమిటని ఆయన అడిగాడు. చెప్పలేకపోయాను. "నీ చదువును నేను నమ్మలేదమ్మాయ్. కళ్లతో చూసినానన్నావు గదా అని నమ్మినాను. ఇప్పుడు దేన్ని నమ్మేది?" అన్నాడు. పెద్దమ్మ మీద జాలితో అబద్ధమాడుతున్నానని అనుకున్నాడో ఏమో, ఆ తర్వాత మా ఇద్దరినీ చూసినప్పుడల్లా ఆయన కళ్లలో అదే ప్రశ్న ఉండేది. పాలెం కూడా మారిపోయింది. పెద్దమ్మ ఎదురైతే జనం పలకరించేవాళ్లు గానీ, పలకరించి ఆగేవాళ్లు కాదు. ఆవిడ తాటాకు బుట్టలు అల్లడం మొదలుపెట్టింది. నేను ఆ రికార్డును పొయ్యిలో పెట్టి, హాస్టలు వంటమనిషి మీద ఆమెను అడిగి ఇంకొకటి రాసిచ్చాను. లెక్చరరుగారు అందులో పరిశీలన లోతుగా లేదన్నారు.

మద్రాసు వెళ్లేముందు ఆఖరి గురువారం, నేనూ వస్తానన్నాను. "వస్తే రా. పుస్తకం తేవొద్దు" అంది పెద్దమ్మ. ఆ పెరట్లో ఈసారి చింతకాయలు ఒలుస్తున్నారు. ఆ ఇల్లాలు నన్ను చూసి, "గడ్డివామి వెనక నిలబడింది ఈ పిల్లే గదా" అంది. తలొంచుకున్నాను. నేను కూడా కూర్చొని కాయలు ఒలిచాను. గోళ్ల సందుల్లో పులుపు దిగి మంట పుట్టింది. చాలాసేపయ్యాక ఆమె చేతులు ఆపకుండానే, "మనసు సంగతులు చదవతా ఉండావంట. అయితే చెప్పు. నేను ఈమెను క్షమించినానా, లేదా?" అని అడిగింది.

పెద్దమ్మ చేతులు ఆగిపోయాయి. నేను ఆమె మొహం చూశాను. రెండేళ్లుగా చదివినదంతా తిరగేసినా అందులో ఈ ప్రశ్న లేదు. మంచిమాట ఏదైనా చెప్పాలనీ, పెద్దమ్మ కోసం అవును అనాలనీ నోటి దాకా వచ్చింది. తెలియని మాటను తెలిసినట్టు చెబితే ఏమవుతుందో ఆ పెరట్లో మా అందరికీ తెలుసు.

"నాకు తెలీదక్కా" అన్నాను.

ఆమె ఒలిచిన కాయ బుట్టలో వేసి, ఇంకోటి తీసుకొంది. "నాకూ తెలీదు. మూడు దినాలు క్షమించినట్టే ఉంటాది. నాలుగో దినం ఉండదు" అంది. తర్వాత పెద్దమ్మ వైపు తిరిగి, "వచ్చే వారం కొంచెం ముందే రా. పని జాస్తిగా ఉండాది" అంది.

పెద్దమ్మ తర్వాత ఆరేళ్లు బతికింది. నడవగలిగినన్నాళ్లూ ఆ ఇంటికి వెళ్లింది, నడవలేని రోజు వచ్చాక ఆ ఇల్లాలే బండిలో మా పాలెం వచ్చి మంచం పక్కన కూర్చొని పోయేది. ఏం మాట్లాడుకునేవాళ్లో నాకు తెలియదు, నేను అడగలేదు. ఆమె బతికి ఉన్నంతకాలం ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆమె లేదు, ఆమె భర్త లేడు, వాళ్ల ఊరి పేరు ఇక్కడ రాయలేదు. నా సగం ప్రార్థనలు కొన్నాళ్లకు మళ్లీ పూర్తికావడం నేర్చుకున్నాయి, చివర నిశ్చయంగా అన్న మాట మాత్రం లేకుండా. ఆ పెరట్లో తెలియదు అన్నప్పుడు పంతొమ్మిదేళ్ల నాకు అది ఓడిపోవడంలా ఉండింది. అరవై ఏళ్లు గడిచాక, ఆ ఎండాకాలం మొత్తంలో నేను నిజం చెప్పింది ఆ ఒక్కసారేనని తెలుస్తోంది.